దోషము ఇంజనుది, దండుగ యజమానిదా?

మన గృహస్థుడు క్రొత్తకారు కొన్ననాడు తొలుత దానిని దేవాలయమునకు గొనిపోవును. బెజవాడ ఇంద్రకీలాద్రి దిగువనేని, ఊరి ఆంజనేయస్వామి గుడి ముంగిటనేని బండి నిలిపి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి త్రొక్కించి, గుమ్మడికాయ పగులగొట్టి ఇంటికి తెచ్చుకొనును. అమెరికా దేశమున నిమ్మకాయ యను మాటకు వేరొక యర్థము కలదు. ఎన్నిమారులు బాగుచేయించినను బాగుపడని కారునే అచ్చటివారు నిమ్మకాయ యందురు. అట్టి కారు కొన్నవానిని కాపాడు చట్టములకును ఆ పేరే స్థిరపడినది. మనవాడు చక్రము క్రింద నిమ్మకాయ పెట్టి దిష్టి తీసికొనుచున్నాడు. అదృష్టము తప్పినచో, తాను నడుపుచున్నదే నిమ్మకాయ యని ఆరునెలలకు తెలిసికొనుచున్నాడు. అప్పుడు వానిని కాపాడు చట్టమేది? ఇదియే నేటి మా ప్రశ్న.

న్యాయవాద వృత్తిలో నిట్టి కక్షిదారులను మేము తరచుగ చూచుచున్నాము. అందరి కథయు నొక్కటియే. బండి కొన్న యేడాదికే ఇంజనులో ఠకఠకమని శబ్దము పుట్టును; లేదా ఆయిలు హరించుకొని పోవును; లేదా ఘాటురోడ్డుపై హఠాత్తుగ ఆగిపోవును. సర్వీసు సెంటరువారు మొదటిమారు "ఇది సహజమే" యందురు. రెండవమారు పెట్రోలులో కల్తీ యందురు. మూడవమారు నడుపుట తెలియక యందురు. నాలుగవమారునకు వారంటీ గడువు తీరియుండును. అప్పుడు ఇంజను మార్చుటకు లక్షలలో అంచనా వ్రాసి చేతికిత్తురు. కంపెనీకి వ్రాసినచో డీలరు నడుగుమనును. డీలరు నడిగినచో కంపెనీ అనుమతి రాలేదనును. యజమాని అడకత్తెరలోని పోకచెక్క యగును.

ఇటీవల మాయొద్దకు వచ్చిన యొక టాక్సీ యువకుడు పదునొకండు జాబుకార్డులు తెచ్చి బల్లపై పరచెను. ప్రతిదానియందును ఒకే ఫిర్యాదు. ప్రతిదాని క్రిందను "పరీక్షింపబడినది, లోపము లేదు" అను వ్రాత. పదునొకండుమారులు లోపములేని యా ఇంజను, పండ్రెండవ జాబుకార్డునకు తావులేకుండ, రహదారి నడుమ బిగుసుకొని పోయినది. బండి కదలకున్నను బ్యాంకు వాయిదా మాత్రము నెలనెలకు కదలుచునే యున్నది. కార్ల గొడవ కలవారి గొడవ, మనకేల యనువారు ఈ యువకుని ఇంటికి పోయి చూతురుగాక.

ఫిర్యాదు చేయువారందరు నడుపుట తెలియనివారే యని తయారీదారులు పలుకుట క్రొత్త కాదు. ఆ పలుకు ఎంతవరకు నమ్మదగినదో తెలియుటకు హ్యుందాయి, కియా కంపెనీల థీటా-2 ఇంజను వృత్తాంతము చాలును. అమెరికాలో తయారైన యా ఇంజనులలో, క్రాంకుషాఫ్టు పని జరుగునపుడు రాలిన లోహపు రజను నూనె మార్గములలో మిగిలిపోయెను. ఆ రజను అడ్డుపడుటచే బేరింగులకు నూనె చాలినంత అందక, అవి యరిగి, శబ్దము పుట్టి, తుదకు ఇంజను బిగుసుకొని కారు నడిరోడ్డుపై నిలిచిపోవుచుండెను. 2015 సెప్టెంబరులో హ్యుందాయివారు సుమారు 4,70,000 సొనాటా కార్లను వెనుకకు పిలిచిరి. 2017 మార్చిలో రెండు కంపెనీలును కలిసి మరి దాదాపు 12 లక్షల బండ్లను పిలువవలసి వచ్చెను. పాత రసీదులు చూపలేదను సాకుతో ఉచిత మరమ్మతు నిరాకరించిరని యజమానులు న్యాయస్థానముల కెక్కిరి.

ఈ సత్యమును బయలుపరచుటలో ముఖ్యుడు ఆ సంస్థలోనే పాతికేండ్లకు పైగా పనిచేసిన ఇంజనీరు కిమ్ గ్వాంగ్-హో. ఆయన 2016లో వాషింగ్టను నగరమునకు పోయి, అచ్చటి రహదారి భద్రతాశాఖ యెదుట కాగితములుంచెను. ఫలితముగ ఉద్యోగము పోయెను. కాని ఆ శాఖ విచారణ చేసి, రీకాలు సకాలమున జరుగలేదని తేల్చి, 2020 నవంబరులో రెండు కంపెనీలపై మొత్తము 21 కోట్ల డాలర్ల భారము మోపెను. మరుసటి సంవత్సరము ఆ ఇంజనీరునకు 2 కోట్ల 40 లక్షల డాలర్లకు మించిన పారితోషికము లభించెను. యజమానుల వ్యాజ్యమున 2019 అక్టోబరులో కుదిరిన రాజీ ప్రకారము దాదాపు 40 లక్షల కార్ల ఇంజను ప్రధానభాగమునకు జీవితకాల వారంటీ ఏర్పడెను. "లోపము లేదు" అను మాట జీవితకాల వారంటీగ మారినది కంపెనీ దయవలన కాదు. యజమానులు ఏకమగుటవలనను, ప్రభుత్వశాఖకు కోరలుండుటవలనను.

ఇక తయారీదారుడు వేరు, అమ్మినవాడు వేరు అను వాదము. ఇది నూరేండ్ల నాటిది. న్యూయార్కులో బ్యూక్ కారు చక్రము విరిగి గాయపడిన యొకాయన దావా వేయగా, నీవు కొన్నది డీలరు వద్ద, మాకును నీకును ఒడంబడికయే లేదని కంపెనీ వాదించెను. 1916లో న్యాయమూర్తి కార్డోజో ఆ వాదమును త్రోసివేసి, అజాగ్రత్తగ చేసిన వస్తువు అపాయకరమగునని తెలిసినచోట, చేసినవాడే బాధ్యుడని తీర్పు చెప్పెను. ఆ తీర్పు న్యాయకళాశాల విద్యార్థులందరు చదువుదురు. మన సర్వీసు సెంటరు బల్లవద్ద మాత్రము 1916 ఇంకను రాలేదు.

మనకు చట్టములు లేవా? కలవు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 110-ఎ సెక్షను ప్రకారము, అపాయకరమైన దోషముగల వాహనములను వెనుకకు పిలువుమని కేంద్రప్రభుత్వము శాసింపవచ్చును. తయారీదారుడు పూర్తి వెల తిరిగి యీయవలెను, లేదా వేరుబండి యీయవలెను, లేదా బాగుచేయవలెను. 2021 ఏప్రిలునుండి నియమావళియు నమలులోనికి వచ్చినది. వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైనుండి క్రొత్తరూపమున నడచుచున్నది. కొన్నవాడు తన నివాసమున్న జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. సొంత జీవనోపాధికై టాక్సీ నడుపుకొనువాడును వినియోగదారుడే.

ఐనను ఈ వలలో పెద్దచేపలు జారిపోవు కంతలు కొన్ని యున్నవి. దోషము పరీక్షవలన గాని తేలనిచో, పరీక్షరుసుము ముందుగ ఫిర్యాదుదారునిచేతనే కట్టించుటకు కమిషనునకు అధికారము కలదు. ఇంజను లోపలి రహస్యము నెరిగినవాడు కంపెనీ. నిరూపించుకొనవలసినవాడు పంతులో, టాక్సీ డ్రైవరో! ఉత్పత్తి బాధ్యతను గూర్చిన అధ్యాయమున "హాని" యను మాటకు చెప్పిన నిర్వచనము ఆ వస్తువునకే కలిగిన హానిని మినహాయించినది. ఇంజను పేలి మనిషి గాయపడినచో ఆ అధ్యాయము పలుకును గాని, ఇంజనే పాడైనచో పలుకదు. వారంటీలో భాగమును మార్చుదుమని యున్నపుడు కారునంతయు మార్చుమనుటకు వీలులేదని 2006లో మారుతీ ఉద్యోగ్ వారి వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పియున్నది. ఫిర్యాదును మూడు మాసములలో, పరీక్ష అవసరమైనచో అయిదు మాసములలో తేల్చుటకు ప్రయత్నింపవలెనని చట్టము చెప్పుచున్నది. ఆ ప్రయత్నము ఎన్నేండ్లు సాగునో కమిషను గుమ్మమెక్కినవారికి తెలియును.

ఇందు దేశగౌరవమునకు సంబంధించిన విషయమొకటి కలదు. వోక్స్‌వ్యాగన్ కంపెనీ డీజిలు ఇంజనులలో పొగపరీక్షను మోసపుచ్చు ఉపాయ మమర్చినట్లు 2015లో బయటపడెను. అమెరికాలో 2016లో కుదిరిన రాజీ విలువ 1,470 కోట్ల డాలర్ల వరకు నుండెను. సుమారు 4,75,000 కార్ల యజమానులకు బండిని కంపెనీకే తిరిగి అమ్ముకొను హక్కు లభించెను. భారతదేశమున 3,23,700 కార్లను పిలిచి ఇంజను సాఫ్టువేరు మార్తుమని ప్రకటించిరి. 2019 మార్చిలో జాతీయ హరిత ధర్మాసనము 500 కోట్ల రూపాయల జరిమానా విధింపగా, ఇచ్చటి నిబంధనలను తాము మీరలేదని కంపెనీ సుప్రీంకోర్టునకు పోయెను. కంపెనీ యొక్కటే, దేశము దాటగనే న్యాయము మారినది. అచ్చట చట్టమునకు వెరచినవాడు ఇచ్చట మనకేల వెరవడు? మనము వెరపించు చట్టము చేసికొనకపోవుటవలన. కియావారి కర్మాగారము పెనుకొండ చెంత ఎర్రమంచి వద్ద 2019లో ప్రారంభమైనది. అమెరికా ఇంజనుల దోషము ఇచ్చటి బండ్లకు అంటినదని మేమనుట లేదు. మన కూలీల చెమటతో మన నేలమీద తయారగు బండికి, పరదేశమున నిచ్చు రక్షణకంటె తక్కువ రక్షణ కూడదని మాత్రమే మా మాట.

స్వదేశీ తయారీదారులకును మేము చెప్పునది యిదియే. మన పెద్దలు ముతకదని తెలిసియు ఖద్దరు ధరించిరి. నేతగాడు దానిని పట్టని చెప్పి యమ్మలేదు. స్వదేశాభిమానము కొనువానికి ధర్మమైనచో, సత్యము అమ్మువానికి ధర్మము. లోపమును దాచువానికి జాతీయపతాకము నీడ యీయదు.

కావున ప్రభుత్వము చేయవలసిన పనులు మూడు. యజమానుల ఫిర్యాదుల పట్టిక, అమెరికాలో వలె, ఎల్లరును చదువునట్లు బహిరంగముగ నుంచవలెను. వారంటీ కాలమున ఒకే లోపము పదే పదే కనబడినచో, అది తయారీదోషము కాదని నిరూపించు భారమును కంపెనీపై నుంచవలెను. కనెక్టికట్ రాష్ట్రమువారు 1982లో చేసిన చట్టమువంటిది మనమును చేసికొనవలెను: నాలుగుమారులు బాగుచేసినను బాగుపడని కారునకు, లేక ముప్పది దినములు షెడ్డులో పడియున్న కారునకు, వెల తిరిగి యీయవలెను, లేదా వేరుకారు.

యజమానులు చేయవలసినదియు కలదు. నోటిమాటతో తృప్తి నొందక ప్రతిమారును జాబుకార్డు నకలు పుచ్చుకొనుడు. మీ ఫిర్యాదును మీ మాటలలోనే వ్రాయించుడు. కంపెనీకి స్పీడుపోస్టులో వ్రాయుడు. రెండేండ్ల గడువు దాటనీయకుడు. అన్నిటికంటె ముఖ్యముగ ఒంటరిగ పోకుడు. ఒకే బాధగల పలువురి తరపున ఒకే ఫిర్యాదు, కమిషను అనుమతితో, వేయుటకు 35వ సెక్షను వీలు కల్పించినది. ఆ టాక్సీ యువకుని పదునొకండు జాబుకార్డులు ఒంటరిగ నున్నంతకాలము చిత్తుకాగితములే. అదే ఇంజనుగల వేయిమంది కాగితములు వానితో జేరిననాడు "లోపము లేదు" అను వ్రాత వ్రాయుటకు ఏ సర్వీసు సెంటరువాని చేయియు రాదు.