పెరడు కూడా మన హక్కే

కురవి చుట్టుపక్కల మిర్చి తోటల్లో నారు నాటేది, కలుపు తీసేది, కాయ ఏరేది మన అక్కచెల్లెండ్లే. పొద్దూకి పావుకిలో బెండకాయలు కొనుక్కొని ఇంటికొస్తరు. ఎందుకు? వాడలో ఇంటి గోడకు ఇంటి గోడ ఆనుకొని ఉంటది, చిక్కుడు తీగ పెట్టే జాగా లేదు. ‘సోమరితనం’ అనే పెద్దలు ఒక్కసారి వచ్చి కొలిచి చూడాలె.

2024లో మొదలైన ఇందిరమ్మ ఇండ్లకు 5 లక్షలు, కనీసం 400 చదరపు అడుగులు అన్నరు. అవి గోడల లెక్కలు. జాగా లేనోళ్ళకు జాగా ఇయ్యాలె, దాంట్ల పెరడూ ఉండాలె అని గ్రామసభలో అడుగుదాం. మేమనేది ఇదే.

అందాక ఊరికే కూచోవద్దు. మృగశిర వానలకు బీర, సొర నాటు గింజ పెట్టి ఇంటి కప్పు మీదికి పాకించాలె. బోళ్ళు కడిగిన నీళ్ళు తోటకూర మడికి మళ్ళించాలె. మునగ కొమ్మ ఒక్కటి నాటితే మన ఎండలకు తట్టుకుంటది, ఆకు కూడా కూరకొస్తది. తీగకు ఒక కాయ ముదరనిస్తే వచ్చే ఏటి గింజ మనింట్లనే ఉంటది.