డయాలసిస్ వార్డులో పోయిన రెండు పేపర్లు

పిడుగురాళ్ల పక్క పల్లె నుంచి వచ్చిన ఆ అమ్మాయి ఫైలు విప్పి కాగితాలన్నీ నా ముందు పరిచింది. మార్కుల మెమోలు మాత్రం అట్టడుగున పెట్టింది. బీఏ, 54 శాతం. రెండో ఏడాదిలో ఇంగ్లిషు, ఎకనామిక్స్ పోయి సప్లిమెంటరీలో గట్టెక్కింది. ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) చెయ్యాలని కోరిక. "ఈ మార్కులు చూసి సీటెవరిస్తారు మేడమ్?" అంది, కూర్చోకుండానే.

ముప్పై ఏళ్లు ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్‌గా పనిచేశాను. ఫీల్డ్ వర్క్‌కి వచ్చిన ఎంఎస్‌డబ్ల్యూ పిల్లల డైరీలు దిద్దాను. అందుకని ప్రవేశాల కాలం రాగానే యాభై చిల్లర శాతంతో బిక్కుబిక్కుమంటూ ఎవరో ఒకరు నా గడప తొక్కుతూనే ఉంటారు. వాళ్లతో కూర్చుని చెప్పే మాటలు ఈ వారం ఇక్కడ రాస్తున్నాను.

మన విశ్వవిద్యాలయాలతో పాటు బయటి రాష్ట్రంలో ఒక సంస్థకు కూడా ఆ అమ్మాయి దరఖాస్తు చేస్తోంది. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో ఒకటిన్నర పేజీలో రాయమన్నారట. రాసుకొచ్చింది. "చిన్నప్పటి నుంచి సమాజసేవ అంటే నాకెంతో ఇష్టం. మదర్ థెరిసా నాకు ఆదర్శం." ఈ రెండు వాక్యాలను నేను ఎన్ని దరఖాస్తుల్లో చదివానో లెక్కలేదు. అబద్ధమని అనను. కానీ రాసినవాళ్లు ఎవరో వాటిలో కనిపించరు.

కాగితం పక్కన పెట్టి, రెండో ఏడాది ఏమైందని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. అమ్మకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. నాన్న సున్నపు బట్టీలో పనికి పోతేనే ఇల్లు గడిచేది. వారానికి రెండుసార్లు తెల్లవారుజామున మొదటి బస్సెక్కి అమ్మను పెద్దాసుపత్రికి తీసుకెళ్లేది ఈ పిల్లే. నాలుగు గంటలు మిషను మీద అమ్మ, బయట బల్ల మీద పుస్తకంతో ఇది. ఆ రెండు పరీక్షల రోజుల్లోనూ అమ్మను వార్డులో చేర్చారు.

అడిగే కొద్దీ సంగతులు బయటికొచ్చాయి. ఆరోగ్యశ్రీ కౌంటరు దగ్గర ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా పేరుంటే కాగితం ఎక్కడ ఆగుతుందో, ఆరోగ్యమిత్రను ఏమని అడగాలో ఆ అమ్మాయికి తెలుసు. డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన చేతికి బీపీ చూడనివ్వకూడదని, సూది గుచ్చనివ్వకూడదని తెలుసు. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు చెబితే ఎండాకాలంలో అమ్మకు గ్లాసుతో కొలిచి ఇచ్చింది. పక్క మంచం ముసలాయన కొడుకు రావడం మానేస్తే, ఆయన్ని ఊరి బస్సు ఎక్కించి కండక్టరుకు అప్పజెప్పింది కూడా తనే. నాకు కళ్లు చెమర్చాయి. మెడికల్ సోషల్ వర్క్ మొదటి సెమిస్టర్‌లో మేము నేర్పాలని తంటాలు పడేది ఇదే.

"ముందు రాసింది కొట్టేసి ఇది రాయి" అన్నాను. "అది ఇంటి కష్టం కదా మేడమ్, దరఖాస్తులో రాస్తారా?" అంది.

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. తన కష్టాన్ని బజారులో పెట్టుకోవాల్సిన పని ఏ బిడ్డకూ ఉండకూడదు. ఏడిపించేలా రాస్తేనే సీటొస్తుందని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దని చెబుతాను. మార్కుల సంగతికి మూడు వాక్యాలు చాలు: రెండో ఏడాది అమ్మకు డయాలసిస్ మొదలైంది, రెండు పరీక్షలు రాయలేకపోయాను, సప్లిమెంటరీలో పాసయ్యాను. అక్కడితో ఆపెయ్యాలి. క్షమాపణ అక్కర్లేదు. మిగతా పేజీ అంతా ఆ వార్డులో ఏం చూశావు, ఏం చేశావు, ఏది నీకు చేతకాలేదు అన్న దానికే ఇవ్వాలి. ఆ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. ముసలాయన కొడుకు ఎందుకు రాలేదో తనకు ఇప్పటికీ తెలియదని, అతని మీద కోపం మాత్రం పోలేదని ఆ అమ్మాయి చెప్పింది. అది రాయమన్నాను. రాని కొడుకు వైపు నుంచి కూడా ఆలోచించడం నేర్చుకోవడానికేగా ఈ చదువు.

సిఫారసు లేఖ విషయంలోనూ పిల్లలు పొరపాటు పడుతుంటారు. పెద్ద పదవి అని ప్రిన్సిపల్ దగ్గరికి పరుగెడతారు. ఆయనకు వీళ్ల ముఖం కూడా గుర్తుండదు. సప్లిమెంటరీకి సాయంత్రాలు పాఠం చెప్పిన లెక్చరర్, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో వారం రోజులు దగ్గర నుంచి చూసిన ప్రోగ్రామ్ ఆఫీసర్ రాసిన నాలుగు ముక్కలే నమ్మకంగా ఉంటాయి.

ఆ బయటి సంస్థతో పోలిస్తే మన రెండు రాష్ట్రాల పద్ధతి వేరు. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో ఎంఎస్‌డబ్ల్యూకి ఏ డిగ్రీ చదివినవాళ్లయినా రావచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీ శాతం అర్హత గీత దాటితే చాలు, తర్వాత నడిచేదంతా ర్యాంకు మీదే. ఈ సంగతి తెలియక సెకండ్ క్లాస్ పిల్లలు దరఖాస్తే పెట్టకుండా ఊరుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. వాళ్లను ఎవరూ తిరస్కరించలేదు, తమను తామే తిరస్కరించుకుంటున్నారు. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ కూడా 2024 నుంచి పీజీ ప్రవేశాలకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్షను తీసుకుంది. అందులో సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత.

ర్యాంకులతో మనిషిని ఎలా కొలుస్తారు, ఇంటర్వ్యూ ఉండాలి కదా అని నా తోటివాళ్లు కొందరు అంటారు. నేను ఒకప్పుడు అలాగే అనుకునేదాన్ని. తర్వాత నా సొంత ఇంటర్వ్యూ గుర్తుచేసుకున్నాను. నా బీకాం మెమో చూసి, ఈ మార్కులతో ఇక్కడేం చేస్తావని బల్ల అవతలి నుంచి ఒకాయన ఇంగ్లిషులో అడిగారు. ప్రశ్న అర్థమైంది. జవాబు తెలుగులో వచ్చింది, గొంతు దాటలేదు. అక్కడ సీటు రాలేదు, మరోచోట చదువుకున్నాను. ఇంటర్వ్యూ గదిలో ముందుగా కనిపించేవి యాస, చెప్పులు, ఇంటిపేరు. వాటిని దాటి చూడగల పెద్దలు లేకపోలేదు. ఉంటారన్న భరోసా మీద మాత్రం పల్లె పిల్లల్ని ఆ గదిలోకి పంపలేను. ఓఎంఆర్ షీటైనా, కంప్యూటరైనా ఇంటిపేరు అడిగి మార్కులు వెయ్యదు.

ఈ చదువు మొదలైన చోటు గుర్తుచేసుకుంటే నాకు ధైర్యం వస్తుంది. మన దేశంలో సోషల్ వర్క్‌కి మొదటి పీజీ విద్యాలయం 1936లో బొంబాయిలో, సర్ దొరాబ్జీ టాటా పేరు మీద వచ్చింది. దాన్ని నడిపిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అంతకుముందు మిల్లు కార్మికులుండే నాగ్‌పాడాలో పనిచేసినవాడు. ఆ విద్యాలయమే తర్వాత టాటా ఇన్‌స్టిట్యూట్ అయింది. రైల్వే స్టేషన్లలో తప్పిపోయిన పిల్లల కోసం మనమంతా తిప్పే 1098 హెల్ప్‌లైన్ కూడా 1996లో అక్కడ ఒక ఫీల్డ్ ప్రాజెక్టుగానే పుట్టింది. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ సంగతి తెలిసిందే. చిన్నతనంలో ఇంగ్లిషు చదువును నిరసించి బడి మానేశారు. తర్వాత బెనారస్ మెట్రిక్యులేషన్ పాసై, మద్రాసులో ఆడపిల్లలను అదే పరీక్షకు కూర్చోబెట్టడానికి పాఠాలు చెప్పించారు. ఆంధ్ర మహిళా సభ అలా పెరిగింది. చదువు మధ్యలో తెగిన మనిషే 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైంది.

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. అక్కడ చాలా విశ్వవిద్యాలయాలు నాలుగుకు మూడు గ్రేడ్ పాయింట్లు కోరతాయి. తక్కువున్నా కారణం చదివి, షరతు మీద చేర్చుకునేవి ఉన్నాయి. చేరాక కనీసం 900 గంటల ఫీల్డ్ వర్క్ తప్పదు.

ఇంత చెప్పాక ఆ అమ్మాయికి కఠినమైన మాట కూడా చెప్పాను. మార్కులు అక్కర్లేదని నేను అనను. రేపు ఈ పనిలో బాలల న్యాయ చట్టం కింద పట్టుబడిన పిల్లవాడి గురించి సామాజిక విచారణ నివేదిక రాయాల్సి ఉంటుంది. ఇల్లు, బడి, స్నేహితులు, ఎందుకలా జరిగింది, అన్నీ. ఆ నివేదిక చదివే జువెనైల్ జస్టిస్ బోర్డు నిర్ణయం తీసుకుంటుంది. చూసింది ఒకటి, రాసింది ఒకటి అయితే నష్టం రాసినవాళ్లకు కాదు, ఆ పిల్లవాడికి. కోర్సులో పరిశోధన పద్ధతులుంటాయి, స్టాటిస్టిక్స్ ఉంటుంది, పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటాయి. పోయిన రెండు పేపర్లలో ఒకటి ఇంగ్లిషే కదా. అందుకని రోజుకొక పేజీ రాయమన్నాను, ఆ రోజు చూసిన ఒకే ఒక్క సంగతి. ముందు తెలుగులో, కింద ఇంగ్లిషులో. వారానికోసారి నాకు పంపితే దిద్దుతానన్నాను.

విభాగాలు నడిపే పెద్దలకూ ఒక విన్నపం. ఇలాంటి పిల్లలు నిలబడేదీ జారిపోయేదీ ఫీల్డ్ వర్క్‌లోనే. వారానికి రెండు రోజులు సంస్థకు పంపి, హాజరు సంతకం చూసి, సెమిస్టర్ చివర రికార్డు మీద టిక్కు పెట్టే అలవాటు చాలాచోట్ల పాతుకుపోయింది. వారం వారం ఒక్కో విద్యార్థిని కూర్చోబెట్టి డైరీ చదివే వ్యవధి అధ్యాపకులకు ఉండాలి. ఖాళీ పోస్టులు నింపకుండా అది జరగదు. డబ్బున్న ఇంటి పిల్లలు ఎక్కడైనా నేర్చుకుంటారు. యాభై నాలుగు శాతంతో వచ్చిన పిల్లకు ఆ వారంలో ఆ అరగంటే దిక్కు.

దరఖాస్తు మళ్లీ రాసి ఆదివారం తెచ్చింది. మదర్ థెరిసా లేదు. ముసలాయన ఉన్నాడు, బస్సు ఉంది, కొడుకు మీది కోపమూ ఉంది. అక్షరదోషాలు మూడు దిద్దాను. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి అడిగింది, ఫీల్డ్ వర్క్‌కి ఏ రెండు రోజులు పెడతారని. ఒక్కో చోట ఒక్కోలా ఉంటుందన్నాను. "మంగళవారం, శుక్రవారం కాకపోతే చాలు మేడమ్. అమ్మకు ఆ రెండు రోజులే" అంది.