ముందు ప్లేలిస్ట్ మార్చాడు

మా టీమ్‌లో ఒకతను మందు మానేసి ఎనిమిది నెలలైంది. ‘సీసా కంటే ముందు ప్లేలిస్ట్ డిలీట్ చేశా బ్రో’ అన్నాడు నాతో. జోక్ కాదు. శుక్రవారం రాత్రి ఏ పాటలు వింటూ తాగేవాడో, అవి చెవిన పడితే చాలు, నాలుక పీకేసేదట. మెదడు పాటనీ మందునీ ఒకే ముడి వేసి దాచుకుంటుంది మరి.

అదే మెదడుకి ఇంకో గుణమూ ఉంది. ఇష్టమైన సంగీతానికి ఒళ్లు పులకరించినప్పుడు మెదడులో డోపమిన్ విడుదలవుతుందని 2011లో మాంట్రియల్ పరిశోధకులు చూపించారు. మందు కదిపేదీ ఆ డోపమిన్‌నే. తాగాలన్న తహతహ అల లాంటిది. చాలాసార్లు అరగంటలో దిగిపోతుంది. ఆ అరగంట గట్టెక్కడానికి ఐదారు కొత్త పాటలు తోడు. మావాడైతే తబలా క్లాసులో చేరాడు. చేతులు ఖాళీగా ఉండవు, సాయంత్రం ఎదురుచూసే మనుషులుంటారు.

అలాగని పాటే వైద్యం కాదు. బాగా అలవాటైనవాళ్లు ఉన్నట్టుండి మందు ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టర్, ఆ తర్వాతే పాట. 14446కి ఫోన్ చేస్తే ఉచితంగా దారి చెబుతారు. మానాలని చూస్తున్న ఫ్రెండ్ మీకూ ఉంటే, ఈ శుక్రవారం పార్టీ పాట కాకుండా కొత్తదొకటి పంపండి.