కొలువు లేని కీచకవధ

కూలికి మనుష్యులను చంపుటయే వృత్తిగా గల యొక కథానాయకుని వెంట విందుశాలలలోను, వంటయిండ్లలోను, ప్రాసాదముల మేడమెట్లమీదను గంటల తరబడి నక్కి నడువవలసిన కంప్యూటరు ఆట యొకటి ఇరువదియైదేండ్లుగా లోకమున ప్రచారములో నున్నది. దాని పేరు హిట్‌మ్యాన్. డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్‌లో 1998లో స్థాపితమైన ఐఓ ఇంటరాక్టివ్ అను సంస్థ 2000వ సంవత్సరమున దీని ప్రథమభాగమును వెలువరించినది. 2016, 2018, 2021 సంవత్సరములలో వచ్చిన మూడు భాగములును ఇప్పుడు ఒక్క సంపుటముగా దొరకుచున్నవి. బోడితల, తల వెనుక బార్‌కోడ్ పచ్చబొట్టు, నల్లని సూటు, ఎఱ్ఱని టై: ఇదియే నాయకుని రూపము. వానికి తల్లిదండ్రులు లేరు, 47 అను అంకెయే వాని పేరు. కరీంనగరపు నెట్ సెంటర్లలో గంటకింతయని చెల్లించి కళాశాల విద్యార్థులు ఇట్టి ఆటలాడిన కాలము గడచిపోయి, జగిత్యాలలోను మంచిర్యాలలోను పిల్లలు తమ తమ గదులలో ల్యాప్‌టాప్‌ల ముందు ఆడుకొను కాలము వచ్చినది.

పెద్దలలో దీనినిగూర్చి వినవచ్చు మాట యొక్కటే: ఇది చంపుట నేర్పు ఆట. కొంతకాలమైనను ఆడి చూచినవారు ఇంత తేలికగా ఈ మాట యనజాలరు. ఇందు తుపాకి పేల్చుటకు గల విలువ స్వల్పము, పేల్చకుండుటకు గల విలువ అధికము. నిర్దేశించిన వ్యక్తిని తప్ప మఱియొకని చంపినను, దొంగతనముగా చొచ్చిన చోట ఒకరి కంటబడినను, హతుని కళేబరము పరుల చేజిక్కినను, నిఘా కెమెరాలో తన చిత్రము మిగిలిపోయినను, ‘సైలెంట్ అసాసిన్’ అను ఉత్తమబిరుదము ఆటగానికి దక్కదు. అందువలన వాని కాలములో అధికభాగము చూపులోనే గడచును. కావలివాడు ఏ మూల తిరిగి ఎన్ని నిమిషములకు వెనుకకు వచ్చుచున్నాడు, వంటవాడు సిగరెట్టు కాల్చుటకు ఏ తలుపు తెఱచుకొని పోవుచున్నాడు, యజమాని కోపగించినపుడు సేవకులందరు ఏ దిక్కునకు తొలగుచున్నారు అని కనిపెట్టుచు కూర్చుండుటయే ఆట. పరీక్షకు చదువుటకు అరగంట కుదురుగా కూర్చుండలేని కుఱ్ఱవాడు దీని ముందు తపస్వివలె కూర్చుండుట చూచి నేను అసూయపడితినేగాని భయపడలేదు.

మన శాసనకర్తలు కూడ ఈ విషయమున మన యిండ్లలోని పెద్దలకంటె వివేకముగనే వర్తించిరి. 2017లో తెలంగాణ ప్రభుత్వము 1974 నాటి జూదనిషేధశాసనమును సవరించి ఆన్‌లైన్‌లో పందెమొడ్డు ఆటలను నిషేధించినపుడును, 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ క్రీడలకు ప్రత్యేకచట్టము చేసినపుడును, వారి దృష్టి సొమ్మొడ్డు ఆటలమీద నిలిచినదిగాని కథలలోని నెత్తురుమీద నిలువలేదు. రమ్మీలో జీతము పోగొట్టుకొన్నవాడును, బొమ్మల ప్రాసాదములో బొమ్మమనిషిని వెంబడించువాడును ఒక్క జాతివారు కారు.

ఈ ఆటలోని ప్రధానవిద్య వేషధారణము. 2016 నాటి భాగములో ప్యారిస్ ప్రాసాదమొకదానియందు ఫ్యాషన్ ప్రదర్శన జరుగుచుండును. మామూలు సూటుతో వచ్చినవాడు అతిథిశాల దాటి పోలేడు. వడ్డనవాని ఉడుపు తొడిగినచో వంటశాల తలుపు తెఱచుకొనును. కావలివాని ఉడుపు తొడిగినచో మేడ తలుపు తెఱచుకొనును. హెల్ముట్ క్రూగర్ అను ప్రసిద్ధుడైన మాడల్ వేషము వేసినచో, వేయి కన్నులు చూచుచుండగా వేదికమీదనే నడచిపోవచ్చును. 2018 భాగములో ముంబయి నగరమునందు వాడు మంగలి కాగలడు, దర్జీ కాగలడు, బట్టలుతుకు కార్మికుడు కాగలడు. పొడవరియై, పాలరాతి బొమ్మవలె తెల్లనై, బోడితలతో నున్న యీ పరదేశిని ముంబయి మురికివాడలో ఎవ్వరును పోల్చకుండుట ఎట్లని నేను అడుగగా, నాకు ఆట నేర్పిన మా మేనల్లుడు, “మొగం ఎవడు జూస్తడు మామా, బట్టలే జూస్తరు” అనినాడు.

కౌటిల్యుడు వినినచో ఆ పిల్లవాని తల నిమిరియుండును. 1905లో మైసూరున ఆర్. శామశాస్త్రి గుర్తించి 1909లో అచ్చువేయించిన అర్థశాస్త్రములో, ప్రథమాధికరణమునందే, గూఢపురుషుల నియామకము చెప్పబడినది. ధనముకొఱకు ప్రాణముపై ఆశ విడిచి ఏనుగుతోనైనను క్రూరమృగముతోనైనను పోరుటకు సిద్ధపడు శూరులు తీక్ష్ణులు. విషప్రయోగము చేయువారు రసదులు. ఈ రసదులు ఏ వేషములలో నుండవలెనో ఆచార్యుడు జాబితా వ్రాసినాడు: వంటవాడు, స్నానము చేయించువాడు, ఒళ్లు పట్టువాడు, పక్క పఱచువాడు, మంగలి, అలంకరించువాడు, నీళ్లందించువాడు. కోపెన్‌హేగెన్ వారు ఆ గ్రంథము చదివిరో లేదో నాకు తెలియదుగాని, జాబితా దాదాపు అదియే. రాజు శరీరమును నిత్యము తాకుచుండియు రాజు కంట పడని వారెవరో ఇరువురును ఎఱుగుదురు.

ఇంతకును దూరదేశములకు పోనేల? కరీంనగరములో ఏ ఫంక్షన్ హాలుకైనను పోయి, కడుపునిండ భోజనము చేసి వచ్చిన బంధువును ఆపి, నీకు బగారన్నము వడ్డించిన పిల్లవాడు ఎట్లుండెనని అడిగి చూడుడు. ఎఱ్ఱచొక్కాయో నల్లచొక్కాయో చెప్పునుగాని ముఖము చెప్పజాలడు. ఆటను కల్పించినవారు మఱియొక సూక్ష్మము నెఱిగిరి. వేషము అందరిని మోసగించును గాని, ఆ పనియే చేయువారిలో కొందఱిని మోసగింపదు. పెద్దవంటవానికి తన క్రింది వంటవారి ముఖములు తెలియును. కావలిదండు నాయకునికి తన మనుష్యులు తెలియుదురు. అట్టివారి తలపై తెరమీద తెల్లని చుక్క వెలుగుచుండును. వారు సమీపించినంతనే ఆటగాని గుండె దడదడలాడును. గోదావరిఖనిలోగాని, మందమఱ్ఱిలోగాని 47 సింగరేణి కార్మికుని దుస్తులు దొంగిలించి, నెత్తిన టోపీ పెట్టుకొని గని వాకిటికి పోవచ్చును; ఊరివారు, అధికారులు, పత్రికలవారు వానిని చూచి బొగ్గుబాయి మనిషియే యని తొలగి దారి యిత్తురు. కాని మస్టరు పడు చోటను, ల్యాంప్ రూములో నంబరు చెప్పి దీపము తీసికొను చోటను వాని వేషము నిలువదు. సర్దారు ఒక్కసారి వానిని చూచి, “నువ్వెవలయ్యా” అనును. శ్రమించువానిని శ్రమించువాడే చూచుననుటను ఇంత చక్కగా చూపిన కథలు మన సినిమాలలో ఎన్ని గలవో నాకు సందేహము.

ఇట్లు మెచ్చుకొనుచు పోవుదునేగాని నాకొక ఆక్షేపణము గలదు. అది నెత్తుటినిగూర్చినది కాదు. 2002లో వచ్చిన భాగములో అమృతసరస్సు స్వర్ణమందిరమును పోలిన చోట సిక్కులను చంపు ఘట్టముండగా సిక్కు సంఘములు ఆగ్రహించినవి, ప్రకాశకులు దానిని సవరించిరి. అట్టి దోషములు దిద్దుకొనదగినవి. నా ఆక్షేపణము ప్రతి ఘట్టమునకును ముందు వచ్చు ఫైలునుగూర్చి. డయానా బర్న్‌వుడ్ అను మధురకంఠి ఆరంభమున రెండు నిమిషములు మాటాడును. ఈతడు గూఢచారుల రహస్యము లమ్మువాడు, ఈతడు ప్రాణాంతకమైన వైరసును సృజించు శాస్త్రజ్ఞుడు, ఈమె మురికివాడల నేలు దుర్మార్గురాలు అని చెప్పి, ఛాయాచిత్రము చూపి, పని నీకు వదలుచున్నాననును. ఆ ఫైలు ఎవరు వ్రాసిరి, సొమ్ము ఎవరు చెల్లించిరి, చిత్రములోని వ్యక్తి తన పక్షమున ఏమి చెప్పుకొనును అను ప్రశ్నలు పుట్టకముందే తలుపు తెఱచుకొని ప్రాసాదము కనబడును. పిల్లవానికి చంపుట అభ్యాసమగునని నేననను. విచారణ లేకుండ నమ్ముట అభ్యాసమగుచున్నది.

మన వాఙ్మయమునను వేషముతో, చీకటితో, పన్నుగడతో నిండిన వధ యొకటి గలదు. విరాటపర్వమున భీముడు వలలుడను పేర వంటలవాడై యుండి, నర్తనశాలలో రాత్రివేళ పాంచాలికి బదులు తాను కాచియుండి, కీచకుని ముద్దగా నొక్కి చంపెను; తెల్లవాఱిన పిదప ఇది గంధర్వుల పనియని లోకము నమ్మెను. ఆటలో చంపినది ప్రమాదముగా కనబడునట్లు చేసినచో కళేబరము దొరకినను లెక్కకు రాదు. గంధర్వులపై నెట్టుటయు అట్టి ఉపాయమే. ఇంత పోలిక యుండియు ఒక్కచోట రెండును వేఱగుచున్నవి. తిక్కనగారి కథలో నర్తనశాలకు ముందు కొలువుకూటము వచ్చును. కీచకునిచేత పరాభూతయైన ద్రౌపది మొదట పోయినది చీకటిలోనికి కాదు, రాజు కొలువునకు. అక్కడ అందఱు చూచుచుండగా తనకు జరిగినది చెప్పుకొన్నది. విరటుడు బావమఱదికి జంకి మాట మింగెను. భర్తయే కంకుభట్టు వేషమున కూర్చుండి ఆమెను పొమ్మనెను. న్యాయము అడుగబడి, నిరాకరింపబడి, ఆ నిరాకరణమునకు సభ సాక్షియైన పిమ్మటనే రాత్రి వచ్చెను. అప్పటికి శ్రోతకు కీచకుని దోషము ఫైలులో చదివినది కాదు, కన్నులార చూచినది. హిట్‌మ్యాన్‌లో నర్తనశాలలు ఇరువదికి పైగా గలవుగాని కొలువుకూటము ఒక్కటియు లేదు.

ఈ భేదము పండితుల తర్కముగా తోచవచ్చును. మంథని ప్రాంతమువారికి తోచదు. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగిన పిదప, ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలితప్రాంతములుగా ప్రకటించిన నాటినుండి, రెండు దశాబ్దములకు పైగా ఈ పల్లెలు నక్సలైట్లది యొకటి, పోలీసులది యొకటి, రెండు ఫైళ్ల నడుమ బ్రతికినవి. ఒక ఫైలులో ఇన్‌ఫార్మర్ అని పేరెక్కినవాడు తెల్లవాఱునప్పటికి ఊరి పొలిమేరలో పడియుండెను. ఒక ఫైలులో దళసభ్యుడని పేరెక్కినవాడు ఎన్‌కౌంటర్ వార్తలో తేలెను. ఇరుపక్షములవారును మఫ్టీలో తిరిగిరి, ఇరుపక్షములవారును తమ ఫైలు నిశ్చయమైనదని నమ్మిరి. 1999 ఏప్రిల్ 13న శాసనసభ పూర్వసభాపతి దుద్దిళ్ల శ్రీపాదరావుగారిని మహదేవ్‌పూర్ ప్రాంతమున పీపుల్స్ వార్ వారు కాల్చి చంపిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 2న, ఆ ప్రాంతపు కొయ్యూరు అడవిలో, పీపుల్స్ వార్ కేంద్రకమిటీ సభ్యులు ముగ్గురు మరణించిరి. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పిరి, పట్టి తెచ్చి చంపిరని పౌరహక్కులవారు చెప్పిరి. ఈ రెండు ఘటనలను ఒక్కచోట చేర్చినందుకు రెండు పక్షములవారును నాపై కోపింతురని యెఱుగుదును. ఎస్.ఆర్. శంకరన్‌గారి నాయకత్వమున 1997లో ఏర్పడిన పౌరస్పందన వేదికవారు ఇరువురి యొద్దకును పోయి, ఇరువురిని ప్రశ్నించి, ఇరువురిచేతను మాటలు పడిరి. వారు అడిగినదెల్ల కొలువుకూటమునే.

తుపాకులు అడవినుండి తగ్గిన పిదపను ఆ కూటమునకు భద్రత రాలేదు. 2021 ఫిబ్రవరి 17న, మంథని న్యాయస్థానమునకు పోయి మరలుచున్న న్యాయవాద దంపతులను, రామగిరి మండలము కల్వచర్ల వద్ద, పట్టపగలు, నడిరోడ్డుమీద, కత్తులతో నఱికి చంపిరి. వ్యవహారము న్యాయస్థానముల పరిధిలోనిది గనుక దోషులెవరను చర్చ నాకు అక్కరలేదు. ఒక్క విషయము మాత్రము చెప్పెదను. ఆటలో 47 కెమెరాలోని దృశ్యమును చెఱపివేయుటకు ప్రాణము లొడ్డి భద్రతాగదిలో దూఱును. కల్వచర్లలో దారిన పోవువారు సెల్‌ఫోనులు పట్టుకొని చిత్రించుచుండగా హంతకులు తొందరపడలేదు. రహస్యహత్య సమాజమునకు భయపడు హత్య. ఎవరో చూతురని, చూచినవారు చెప్పుదురని, చెప్పినది ఎవరో విందురని అంగీకరించు హత్య. ఆ లెక్కన ఈ డేనిష్ కల్పన మన రహదారికంటె ఎంతో నాగరికమైన లోకము, ఈ మాట వ్రాయుటకు నాకు సిగ్గగుచున్నను.

న్యాయముగా చెప్పవలెనన్నచో, ఆటకారులకు ఈ లోపము బొత్తిగా తెలియదనుటకు వీలులేదు. ఇటలీ సముద్రతీరమున సపియెంజా అను కల్పితపురములో సిల్వియో కరూసో అను శాస్త్రజ్ఞుని చంపవలసిన ఘట్టము గలదు. శ్రద్ధగలవాడు మనోవైద్యుని వేషము వేసి ఆతని యెదుట కూర్చుండవచ్చును. ఆతడు పాన్పుపై పరుండి, తల్లి నీడలో నలిగిన తన బాల్యమును, తన భయములను చెప్పుకొనును. ఆతడు చేయుచున్న విషసృష్టి ఘోరమైనదే. అయినను, వినుచున్నంతసేపు, ఫైలులోని ఛాయాచిత్రము మనుష్యుడగుచుండును. మా మేనల్లుడు ఆ ఘట్టమును ఆ వేషముతో ముగింపక, మఱియొక దారి వెదకికొనెను. ఎందుకని నేను అడుగలేదు. ఇట్టి గదులు ఆ ఆటలో ఇంకను గొన్ని యుండినచో నా ఆక్షేపణములో సగము ఉపసంహరించుకొందును.

హైదరాబాదులో ఇప్పుడు ఆటలు రచించు యువకులు పెక్కుమంది గలరు; రాష్ట్రప్రభుత్వము 2016లోనే గేమింగు, యానిమేషను రంగములకొఱకు ప్రత్యేకవిధానము ప్రకటించినది. వారు హిట్‌మ్యాన్‌ను అనుకరించి చార్మినారు మీద మఱియొక బోడితలవానిని ఎక్కించుటకంటె, ఇదే సామగ్రిని తిరుగవేసి చూడవచ్చును. మంథనివంటి ఊరు, గోదావరి యొడ్డు, సంత, బస్టాండు, ఒక హత్యను చూచిన సాక్షి, పదునెనిమిది నెలల తరువాతి వాయిదా. చంపుటకు ఫైలు ఎదుటివారి చేతిలో నుండును. ఆటగాడు ఆ సాక్షిని వడ్డనవాని ఉడుపులోనో, ఇటుకబట్టీ కూలీల గుంపులోనో, సింగరేణి క్వార్టర్లలోనో దాచుచు, ఎవని తలపై తెల్లని చుక్క వెలుగుచున్నదో కనిపెట్టుచు, వాయిదా వెనుక వాయిదా దాటించి, ఒక ఉదయము పదిన్నరకు న్యాయస్థానపు మెట్లెక్కింపవలెను. అక్కడ బంట్రోతు పేరు పిలుచునప్పటికి సాక్షి బోనులో నిలిచియున్నచో గెలుపు. అంతకుమించి ఆ ఆటలో ఏ బిరుదమును అక్కరలేదు.