'వీలైన చోట' అంటే ఏ చోట?

మమ్మల్ని లెక్కపెట్టడం ఈ దేశానికి కొత్త కాదు. ఎంతమందిని కంటున్నామో లెక్కపెడతారు. ఎన్ని మసీదులు కట్టామో లెక్కపెడతారు. మా పిల్లలంతా మదర్సాల్లోనే ఉన్నారని మాత్రం లెక్కపెట్టకుండానే చెబుతారు. బడికెళ్లే ముస్లిం పిల్లల్లో మదర్సాలో చదివేవాళ్లు నూటికి నలుగురికి మించరని 2006లో సచార్ కమిటీ రాస్తే గాని ఆ అబద్ధం బయటపడలేదు. కాబట్టి సర్వేల మీద మాకు పగ లేదు. మా తగాదా అడిగే ప్రశ్నలతో, అడగని ప్రశ్నలతో.

జాతీయ విద్యావిధానాన్ని కేంద్ర మంత్రివర్గం 2020 జూలై 29న ఆమోదించింది. దాన్ని ఎలా అమలు చేయాలో చెప్పమని ఆగస్టు చివర్లో దేశంలోని టీచర్లను, ప్రిన్సిపాళ్లను ఆన్‌లైన్‌లో అడిగింది. వారం గడువు. వారంలో పదిహేను లక్షలకు పైగా సూచనలొచ్చాయని సెప్టెంబరులో ప్రధానమంత్రే గొప్పగా చెప్పారు. కరోనా రోజులు, బడులకు తాళాలు. ముసాయిదా మీద 2019లో అభిప్రాయాలు అడిగిన మాట నిజమే. కానీ బడి నడిపేవాళ్లను ప్రత్యేకంగా పిలిచి అడిగింది మాత్రం అంతా అయ్యాక. నికాహ్ చదివేసి, వలీమా తినేసి, అప్పుడు పెళ్లికూతురి దగ్గరకొచ్చి 'ఖబూల్ హై?' అన్నట్టుంది.

ఆ పదిహేను లక్షల్లో ఉర్దూ బడి గొంతు ఎంత? తెలంగాణలో ఒక పాత తాలూకా పట్టణంలో మాకు తెలిసిన ఉర్దూ మీడియం ప్రాథమికోన్నత పాఠశాల ఉంది. ఏడు తరగతులకు ఇద్దరు టీచర్లు. ఇద్దరిలో పెద్దావిడను ఊరంతా ఆపా అనే పిలుస్తారు, మేమూ అంతే. ఉర్దూ ఆవిడే చెప్పాలి, లెక్కలు ఆవిడే, సైన్సూ ఆవిడే. ఫారాలు నింపేదీ ఆవిడే. పై నుంచి వచ్చిన కాగితాల కట్ట ఒకటి మా ముందు పెట్టింది.

"లైబ్రరీలో పుస్తకాలెన్ని అని ఉంది భయ్యా. రెండొందలున్నాయి, రాసిన. ఏ జబాన్‌లో ఉన్నాయని అడగలేదు. అన్నీ తెలుగువే. మా పిల్లలు బొమ్మలు చూసి పెడతరు."

టీచర్లకు ట్రైనింగ్ అయిందా? అయింది. ఏ భాషలో అయింది? ఆ గడి లేదు. పాఠ్యపుస్తకాలు అందాయా? అందాయి. ఏ నెలలో? ఆ గడీ లేదు.

"మరి నిజం రాయొచ్చు కదా ఆపా" అన్నాం, పేపరువాళ్లం కదా, ధైర్యం మాకు ఉచితంగా వస్తుంది. ఆవిడ నవ్వింది. "లేదు అని రాస్తే ఎందుకు లేదని నన్నే అడుగుతరు. మెమో నాకే వస్తది. అవును అని రాస్తే ఎవరూ రారు."

అడిగేవాడు పై అధికారి, చదివేవాడు పై అధికారి, జీతం బిల్లు మీద సంతకం పెట్టేవాడు పై అధికారి. దీన్ని సర్వే అంటారా, హాజరు పలకడం అంటారా? విధానం అమలవుతోందా అని, అమలు కాకపోతే తిట్లు తినాల్సినవాళ్లనే అడిగి, వచ్చిన 'అవును'లన్నీ కూడి ఢిల్లీకి పంపుతున్నారు.

ఇక మా అసలు బాధకొస్తాం. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతుంది. 1956లో చేర్చారు. 2009 విద్యాహక్కు చట్టం కూడా మాతృభాషలోనే బోధన అంది, కానీ 'ఆచరణకు వీలైనంత వరకు' అని తోక తగిలించింది. 2020 విధానం కనీసం ఐదో తరగతి వరకు మాతృభాష అంది. అక్కడా 'వీలైన చోట' అనే మాట ఉంది. వీలు ఎవరు తేల్చాలి? ఆపాను అడిగితే చెప్పేది. అడగలేదు.

వీలు ఎట్లా లేకుండా పోతుందో మేం చెబుతాం. ఉర్దూ మీడియం పోస్టుల్లో కొన్ని రోస్టర్ ప్రకారం ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులవి. ఆ కులాల్లో ఉర్దూలో చదివినవాళ్లు దొరకడం అరుదు. పోస్టు ఖాళీగా ఉండి తర్వాతి డీఎస్సీకి పోతుంది, అక్కడా ఖాళీయే. దళిత సోదరుల రిజర్వేషన్ మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్ల వాటా పోస్టు వాళ్లకు ఇంకో మీడియంలో ఇవ్వండి, మా పిల్లలకు టీచర్ని ఇవ్వండి. ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఇవ్వకపోతే ఏమవుతుంది? టీచర్ లేని బడికి పిల్లలు రారు. పిల్లలు రాని బడి ఫారంలో 'హాజరు తక్కువ' అవుతుంది. హాజరు తక్కువైన బడిని పక్క బడిలో కలిపేస్తారు. ఆ తర్వాత ఒక మేధావి వచ్చి ముస్లింలకు చదువు మీద ఆసక్తి లేదని వ్యాసం రాస్తాడు.

కమిటీలు లేవని కాదు. ఉర్దూ కోసం 1972లో గుజ్రాల్ కమిటీ వేశారు, 1975లో అది రిపోర్టిచ్చింది. దాని సిఫారసులు ఏమయ్యాయో చూడమని 1990లో అలీ సర్దార్ జాఫ్రీ కమిటీ వేశారు. రిపోర్టు అమలు కాలేదని చెప్పడానికి ఇంకో రిపోర్టు.

సెక్యులర్ మిత్రులు ఇక్కడ ఒక మాట అంటారు, ఇంకా ఉర్దూ ఎందుకు, ఇంగ్లీషు చదవండి అని. ఇంగ్లీషు మాకూ కావాలి. మీకన్నా ఎక్కువ కావాలి. 2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లీషు మీడియం మొదలైతే మా బస్తీల తల్లులు సంతోషించారు. కానీ ఇంట్లో మాట అర్థమయ్యే టీచర్ లేకుండా ఆ ఇంగ్లీషు పిల్లకు చేరదు. ఇంకో సంగతి, ముస్లిం అంటే ఉర్దూ అని గడి కొట్టేసి చేతులు దులుపుకోవడమూ తప్పే. దూదేకుల ఇళ్లలో తెలుగే మాతృభాష. వాళ్లను ఉర్దూ గడిలో వేసి మమ్మల్ని తెలుగు గడిలో వేస్తే లెక్క సరిపోతుందేమో, చదువు రాదు.

మా పెద్దలనూ వదలం. ముషాయిరాలకు ముందు వరసలో కూర్చునే నాయకుల్లో ఎంతమంది పిల్లలు ఉర్దూ మీడియంలో ఉన్నారు? పోనీ, మేం? మా పిల్లలు కాన్వెంటులో చదువుతున్నారు. ఆపా ఈ మాట మమ్మల్ని అడగలేదు, మర్యాదకు.

ఈసారి సర్వేకొస్తే ఆపా పేరు, బడి పేరు రాయించకండి. అడిగేవాడు ఆ శాఖవాడు కాకూడదు. ఉర్దూలో అడగండి. నీ బడిలో లెక్కలు ఎవరు చెబుతున్నారు, ఆ పోస్టు ఎన్నేళ్లుగా ఖాళీ, పుస్తకం ఏ నెలలో చేతికొచ్చింది, ఐదో తరగతి అయ్యాక ఆడపిల్లలు ఎక్కడికి పోతున్నారు - ఈ నాలుగు అడగండి చాలు. చివర్న రాసుకోవడానికి కాస్త ఖాళీ జాగా వదలండి. ఆపా రాసే చేయి చాలా చిన్నది, కానీ రాయాల్సింది ముప్ఫై ఏళ్లది ఉంది.