త్రోవ చూపువాడు లేని వనవిహారము

విద్యార్థులను వనములకు గొనిపోవునప్పుడు వెంట నొక వ్యాఖ్యాత యుండవలయునా, లేక చేత నొక చిన్న పుస్తకము నిచ్చి వారిని విడువవలయునా యని పెద్దలలో భేదాభిప్రాయములు కలవు. విడువవలయుననియే నా మతము. అందులకు దృష్టాంతముగా హిందూమహాసముద్రమందలి రోడ్రిగ్స్ ద్వీపమును చూపుదును.

ఇది తెలుగువారి సంతతి నేటికిని నివసించుచున్న మారిషస్ దేశమునకు చెందినది. ప్రధానద్వీపమునకు తూర్పున దాదాపు 560 కిలోమీటర్ల దూరమున నున్నది. వైశాల్యము 108 చదరపు కిలోమీటర్లు మాత్రమే. 1691లో లెగా యను ఫ్రెంచివాడు సహచరులతో నచట దిగి, రెండేండ్లు వసించి, ఆ ద్వీపమును వర్ణించి గ్రంథము వ్రాసెను. పిదప వచ్చినవారు అడవులు నరికిరి, మేకలను విడిచిరి, పరదేశపు మొక్కలను నాటిరి. మిగిలిన స్వదేశవృక్షములను గ్రాండ్ మోంతాన్య మున్నగు రక్షితస్థలములందు మరల నాటి పెంచుచున్నారు.

అట్టి వనమున నడచువానికి ‘బ్వా దోలివ్’ అను చెట్టు కానవచ్చును. దాని లేతమొక్కకు సన్నని పొడవైన యాకులు, నడుమ నెర్రని యీనె. ముదిరిన చెట్టునకు వెడల్పైన పచ్చని యాకులు. రెండును ఒకే జాతి యని తోచనే తోచదు. వ్యాఖ్యాత యున్నచో ఈ సంగతి ముందే చెప్పివైచును. బాలుడు తల యూచి సాగిపోవును. తానే పోల్చి చూచినవాడు మాత్రము ‘ఏల యిట్లు?’ అని నిలుచును. పూర్వ మచట తిరుగాడిన పెనుతాబేళ్ల నోటబడకుండుటకే లేతమొక్క యీ వేషము దాల్చెనని కొందరు శాస్త్రజ్ఞుల యూహ. ఆ తాబేళ్లను నావికులు వేలకొలదిగా నోడల కెక్కించుకొని పోగా నవి నశించినవి. వేషము మాత్రము మిగిలినది!

ఇంతకంటె గొప్ప సాక్ష్యము వేరొకటి కలదు. కాఫీకుటుంబమునకు చెందిన ‘కఫే మరోన్’ అను మొక్క నశించెనని శాస్త్రజ్ఞులు తలచియుండిరి. 1980లో నచటి యొక యుపాధ్యాయుడు తన శిష్యుల కప్పగించిన పని ననుసరించి, ఒక బాలుడు దాని కొమ్మను తెచ్చెను. గురువు చూపిన చెట్టు కాదది, శిష్యుడు కనుగొన్నది. 1986లో దాని కొమ్మలను ఇంగ్లండులోని క్యూ వనమునకు పంపిరి. అవి పూచినవేగాని కాయలేదు. 2003లో గాని విత్తులు లభింపలేదు.

‘పిల్లలను విడిచిన కొమ్మలు విరువరా?’ అని తలిదండ్రు లడుగుదురు. తగిన ప్రశ్నయే. కఫే మరోన్ వార్త వ్యాపింపగానే, అది మందుగా పనిచేయునని నమ్మినవారు దాని కొమ్మలు విరిచికొనిపోసాగిరి. ఒక కంచె చాలక మరికొన్ని కంచెలు వేయవలసివచ్చెను. అయితే వారు పెద్దలు, పిల్లలు కారు! ఒంటిచెట్టునకు కంచె యుండవలసినదే; దానిని బాట పొడుగునను సాగింప బనిలేదు. బాట విడువరాదు, ఏమియు త్రుంపరాదు, చెప్పుల కంటిన మట్టిని విత్తులతో గూడ దులుపుకొని లోనికి పోవలయును. ఉపాధ్యాయుడు ఇంతమాత్రము చెప్పి ద్వారమున నాగవలయును. తిరిగివచ్చినవారు వేయు ప్రశ్నలకు సిద్ధముగా నుండుట యాతని తక్కిన పని.