బట్టీ పట్టాం, వెళ్లి చూడలేదు

దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్న పిల్లల్ని ఎవరినైనా ఆపి చైతన్యపురి శాసనం ఏ భాషలో ఉందని అడగండి. ప్రాకృతం అని టక్కున చెబుతారు. లిపి ఏదంటే బ్రాహ్మి అంటారు. ఏ వంశానిదంటే విష్ణుకుండినులదని చెబుతారు. మరి నువ్వు చూశావా అంటే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. అది వాళ్ల హాస్టల్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉంది. చైతన్యపురిలో మెట్రో దిగి మూసీ వైపు వెళ్తే, నరసింహస్వామి గుడి దగ్గర బండ మీద ఉంటుంది. తప్పు ఆ పిల్లలది కాదు. ఆ పాఠాన్ని ఒక మార్కు ప్రశ్నగా కుదించి వాళ్ల చేతిలో పెట్టింది మనమే.

ఇప్పటిదాకా హైదరాబాద్ నగరంలో దొరికిన రాతల్లో అన్నిటికన్నా పాతది అదే. వయసు సుమారు 1,500 ఏళ్లు. అందులో గోవిందరాజ విహారం పేరుంది, భిక్షువుల కోసం కట్టిన రాతి నివాసం ప్రస్తావన ఉంది. ఆ కొన్ని అక్షరాల వెనక ఎంత జీవితం ఉందో మనం ఎన్నడూ ఆలోచించలేదు. భిక్షువులు వండుకు తినరు, భిక్షాపాత్ర పట్టుకుని ఊళ్లోకి వెళ్తారు. ఇక్కడ విహారం ఉందంటే దానికి అన్నం పెట్టిన పల్లెలు చుట్టూ ఉన్నట్టే. ఆ పల్లెలకు మూసీ నీళ్లు, పంట పొలాలు, వచ్చేపోయే బాట ఉన్నట్టే. మన అపార్ట్‌మెంట్ల పునాదులు దిగింది అలాంటి నేలలో. బోరు వేసేటప్పుడు నీళ్లు ఎన్ని అడుగుల్లో పడతాయో అడిగాం. ఆ నేల మీద అంతకుముందు ఎవరు బతికారో అడగలేదు.

పిల్లలకు మాత్రం హైదరాబాద్ 1591లో పుట్టిందని చెప్పి ఊరుకున్నాం. చార్మినార్ అంటే మనకూ ప్రాణమే. కానీ దానికి వెయ్యేళ్ల ముందే ఈ ఏటి ఒడ్డున బుద్ధుణ్ని తలుచుకుంటూ బతికిన మనుషులున్నారని ఒక్క మాట కలిపి చెప్పలేకపోయాం.

తెలియక జరిగిందని తప్పించుకోవడానికి కూడా వీల్లేదు. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురంలో స్థిరపడినవాళ్లలో చాలామందిమి ఉమ్మడి నల్లగొండ, ఖమ్మం, గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చినవాళ్లం. అంటే ఫణిగిరి, నేలకొండపల్లి, అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల ఉన్న జిల్లాల నుంచి వచ్చాం. బౌద్ధం మనకు పరాయిది కాదు, మన ఊరి దిబ్బల్లోనే ఉంది. ఆ దిబ్బల్ని మనం ఎలా చూశాం? భట్టిప్రోలు స్తూపం దిబ్బను లంజదిబ్బ అని పిలిచాం. బుద్ధుని ధాతువులు ఉన్నాయని భావించే కరండాలు దొరికిన చోటు అది. ఆ మాటను తాతల నుంచి మనవల దాకా నోటితో మోశాం, సిగ్గుపడలేదు. 18వ శతాబ్దం చివర్లో అమరావతి స్తూపం రాళ్లను ఇళ్లకూ కట్టడాలకూ పట్టుకుపోయారని చదివి అయ్యో అంటాం. ఈ పక్క కాలనీలు లేచిన రోజుల్లో బండలు పగిలి కంకరగా, గోడలుగా మారుతుంటే మనమేం చేశాం? ప్లాట్ చదునుగా వచ్చిందని సంతోషించాం. పగిలిన వాటిలో ఏ బండ మీదైనా అక్షరం ఉందేమో చూసినవాడు లేడు. ఈ ఒక్క బండ మిగలడానికి కారణం పక్కన గుడి ఉండటమేనని నా నమ్మకం. చదువుకున్న మనకన్నా, అక్కడ దీపం పెట్టిన భక్తులే ఆ రాతికి ఎక్కువ మేలు చేశారు.

ఎల్బీనగర్ చౌరస్తా సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. అక్కడి నుంచి విజయవాడ రోడ్డెక్కితే ఇంద్రపాలనగరం, అంటే రామన్నపేట దగ్గరి తుమ్మలగూడెం, మరీ దూరమేం కాదు. విష్ణుకుండినుల నాటి ఆ నగరంలో గోవిందవర్మ రాణి బౌద్ధ విహారం కట్టించింది. అక్కడ దొరికిన రాగి రేకుల్లో ఒక జత శక సంవత్సరం 488 నాటిది, అంటే క్రీ.శ. 566. అందులో రెండో విక్రమేంద్రవర్మ అదే విహారానికి దానమిచ్చాడు. ఒక తరం కట్టించిన దాన్ని తర్వాతి తరాలు పోషించాయి. మనం చేయలేకపోయింది సరిగ్గా అదే. ఇంకా ముందుకు, సూర్యాపేట జిల్లాకు వెళ్తే ఫణిగిరి. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లాయి. ఎక్కడివాళ్లో వాటి ముందు నిలబడి చూశారు. పండక్కి అదే రోడ్డు మీద ఊరెళ్లే మనం కారు ఆపలేదు. అదే ఎల్బీనగర్ చౌరస్తా నుంచి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుంటే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలను తరలించి, మిగిలిన లోయను నీళ్లకు వదిలేశారు. ఆ నీళ్లతో పండిన అన్నం మనం తింటున్నాం. దాన్ని తప్పుపట్టను. కానీ మనం సాగర్ వెళ్లేది గేట్లు ఎత్తినప్పుడే. కొండ మీది మ్యూజియానికి లాంచీ ఎక్కేవాళ్లు కొద్దిమందే.

జైనుల విషయంలోనూ మన తీరు ఇంతే. వనస్థలిపురం పక్కనున్న జింకల పార్కు ఒకప్పుడు నిజాం వేట మైదానం. మహావీరుని నిర్వాణానికి 2,500 ఏళ్లు నిండిన సందర్భంలో 1975లో దానికి మహావీర హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. వేటాడిన చోటికి అహింస చెప్పిన మనిషి పేరు. ఇంతకన్నా మంచి పాఠం పిల్లలకు ఏ పుస్తకంలో దొరుకుతుంది? ఆ కంచె పక్కన రోజూ వాకింగ్ చేస్తూ కూడా ఆ కథ చెప్పలేదు. కొలనుపాక జైన మందిరానికి గుజరాత్, రాజస్థాన్ నుంచి యాత్రికులు వస్తారు. పక్కనే ఉన్న మనం యాదగిరిగుట్ట దాకా వెళ్లి వెనక్కి తిరిగి వస్తాం.

ప్రభుత్వాన్ని తిట్టడం తేలిక. పురావస్తు శాఖ చేయాల్సింది చాలా ఉంది, చేయించాలి కూడా. కానీ కాలనీ సంఘాల మీటింగుల్లో డ్రైనేజీ, పార్కింగ్, వినాయక చవితి చందా వచ్చినన్నిసార్లు చైతన్యపురి బండ మాట ఎప్పుడైనా వచ్చిందా? ఓట్లడగడానికి వచ్చిన ఒక్క నాయకుణ్నైనా మనం దాని గురించి నిలదీశామా? వానకు తడిసి, ఎండకు మాడి అక్షరాల గాట్లు అరిగిపోతున్నాయి. కింద మూసీ మన డ్రైనేజీనే మోసుకుపోతోంది. ఆ కంపు కూడా మనం పంపిందే.

కోచింగ్ సెంటర్లలో చరిత్ర చెప్పే మాస్టార్లకు ఒక మనవి. విష్ణుకుండినుల పాఠం వచ్చిన రోజు బోర్డు తుడిచేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ బండ దగ్గరికి వెళ్లండి. కాలనీ పెద్దలారా, వచ్చే మీటింగు ఎజెండాలో మొదటి అంశంగా దీన్ని రాయండి. ఆ రాతి మీద ఏముందో తెలుగులో చెప్పే బోర్డు, ఎండావానల నుంచి కాపాడే కప్పు, చుట్టూ కంచె కావాలని సంతకాలు పెట్టి పురావస్తు శాఖకు ఇవ్వండి. అక్షరాలు కంటికి ఆనుతుండగానే ఆ పని జరగాలి.